ముందు గుడ్డ, తర్వాత ఈల

ఆఖరి డ్రమ్మును కాలితో దొర్లించి గోడకు దూరంగా నిలబెట్టి, దానికి తాడు రెండు చుట్లు తిప్పి ముడి వేశాడు బావ. నడుము మీద చేయి పెట్టుకుని నిటారుగా అయ్యాడు. మెడలో వేలాడే ఈలను చొక్కా అంచుకు తుడిచి నోట్లో పెట్టుకున్నాడు. ఆ ఈల రుచి అతనికి నిద్రలో కూడా తెలుసు. ఇనుమూ ఉమ్మీ ఇటుకల దుమ్మూ కలిసిన రుచి.

"గుడ్డా!" అని పైనుంచి కేక వచ్చింది.

అతను తల ఎత్తాడు. ఎత్తి, కుడి పక్కకు కొంచెం వంచాడు. కోడి ఆకాశంలో గద్దను చూసేటప్పుడు వంచినట్టు.

అది ఎనిమిది అంతస్తుల పాత ఆఫీసు భవనం. పై రెండు అంతస్తులు అప్పటికే లేవు. కిటికీలు పీకేసిన గోడలు, సామాను తీసేసిన గూళ్ళలా ఖాళీగా ఉన్నాయి. లిఫ్టు ఎప్పుడో పోయింది, మెట్లు సగం విరగ్గొట్టారు. కూల్చే ముఠా పైన ఉంటుంది. కూలినదంతా గోడ మీదుగా కింది ఆవరణలోకి వస్తుంది. అది వచ్చేటప్పుడు కింద మనిషి లేకుండా చూడటం బావ పని. అంతే. ఆ పనికి ఒక పేరంటూ లేదు.

పని పద్ధతి మాత్రం ఉంది. పైవాడు ఏదైనా పడేసే ముందు ఒక ఎర్ర గుడ్డముక్కను చేత్తో చూపించి వదులుతాడు. అది గాలికి ఎటు పోతుందో, ఎక్కడ వాలుతుందో కిందివాడు చూస్తాడు. ఆ వైపు తాడు మరింత దూరం జరుపుతాడు, జనాన్ని వెనక్కి పంపుతాడు. అప్పుడు ఒక పొడుగు ఈల. ఈల లేకుండా పైనుంచి చిన్న పెంకు కూడా రాకూడదు. ముందు గుడ్డ, తర్వాత ఈల.

"నా వైపు రాలేదు," అన్నది సందు అవతలి పాకలోంచి ఇస్త్రీ ఆమె, తల ఎత్తకుండా. "గోడ పక్కనే పడింది. నిటారుగా."

బావ ఈల ఊదాడు.

ఇటుకలు వచ్చాయి. ఇటుక పడేటప్పుడు ముందు సన్నగా మొదలై లావయ్యే మూలుగు ఒకటి ఉంటుంది. అది తెగిపోయిన వెంటనే నేల అదురుతుంది. ఇనుప ముక్కకు మూలుగుండదు, చెప్పాపెట్టకుండా వచ్చే చుట్టం లాంటిది. గోడ పెచ్చు గాల్లోనే విడిపోయి వాన చినుకుల్లా రాలుతుంది. సిమెంటు కాగితం సంచి అయితే పడేశామన్న సంగతి అందరూ మరిచిపోయాక, తీరిగ్గా, ఎవరో పిలిస్తే వస్తున్నట్టు వస్తుంది. ఒకే ఎత్తు నుంచి ఒకే చెయ్యి వదిలినా ఏ రెండూ ఒకేలా రావు. ఇవన్నీ బావకు చెవితో తెలుసు. ఈమధ్య చెవితోనే తెలుస్తున్నాయి.

అతని చూపు మధ్యలో ఒక మచ్చ ఉంది. బూడిద రంగు మచ్చ. ఎటు చూస్తే అటు, అతనికంటే ముందు వెళ్ళి కూర్చుంటుంది. మనిషిని చూస్తే ముఖం ఉండదు, చెవులు ఉంటాయి. గడియారం చూస్తే ముళ్ళు ఉండవు, అంకెలు ఉంటాయి. పైకి చూస్తే గోడ అంచూ ఆకాశమూ ఉంటాయి, ఆ రెంటి మధ్య నుంచి రావలసినది ఉండదు. అందుకే తల వంకర. పక్కచూపుతో పట్టుకుందామని.

కంటి డాక్టరు ఆ మచ్చ పోదనీ, పెరగకుండా ఉంటే అదే అదృష్టమనీ చెప్పాడు. కళ్ళద్దాలు మార్చమన్నాడని బావ ఇంట్లో చెప్పాడు.

ఇల్లంటే బావమరిది ఇల్లే. చనిపోయిన భార్య తమ్ముడు. ఈ ముఠాకు మేస్త్రి కూడా అతనే. అతను "బావా" అని పిలవడం విని ముఠా అంతా బావా అనడం మొదలుపెట్టింది. కొడుకు వయసున్న వాళ్ళూ, ఇటుకలు మోసే ఆడవాళ్ళూ, చివరికి చెత్త లారీ డ్రైవరు కూడా బావా అనే పిలుస్తారు. ఇంతమంది బావమరుదులున్నవాడు ఇంకెక్కడా ఉండడనీ, ఒక్కడైనా టీ ఇప్పించిన పాపాన పోలేదనీ అతను అంటుండేవాడు. అసలు పేరు ముఠాలో ఎవరికీ తెలియదు. మేస్త్రి కూడా ఒక్క క్షణం ఆలోచించాకే చెప్పగలడేమో.

ఇస్త్రీ ఆమె అతనికి కళ్ళుగా ఎలా మారిందో ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆమె పాక తాడుకు అవతల, సందు దాటగానే, ఎదుటి ప్రహరీని ఆనుకుని ఉంది. నాలుగు కర్రలు, పైన రేకు, కింద ఒక బల్ల, ఒక బెంచీ. ఒకరోజు బావ, ఎండ కళ్ళలో పడుతోంది చెల్లెమ్మా, గుడ్డ ఎక్కడ పడిందో కాస్త చెప్పు అన్నాడు. ఆమె చెప్పింది. మర్నాడు కూడా ఎండ కళ్ళలో పడుతోందన్నాడు. ఆ రోజు ఆకాశమంతా మబ్బు. ఆమె ఒకసారి పైకి చూసింది, ఒకసారి అతన్ని చూసింది. ఇస్త్రీ పెట్టె మూత తీసి బొగ్గులు ఊదుకుంది. గుడ్డ సందు సగం దాకా వచ్చిందన్నయ్యా, తాడు ఇటు జరుపు అన్నది. ఆ తర్వాత అతను అడగలేదు. ఆమె చెప్పడం మానలేదు.

ఆ ఉదయం ఆమె గొంతు వేరుగా ఉంది. చొక్కా కాలరు మీద పెట్టె నొక్కుతూ, మధ్యాహ్నం హాస్టలుకు బట్టలు ఇచ్చి రావాలని చెప్పింది.

"నేనొచ్చేదాకా ఈల వెయ్యకు."

"నువ్వు లేకపోతే పని ఆగుతుందా చెల్లెమ్మా?"

"ఆగాలి." పెట్టె బల్ల అంచున నిలబెట్టింది. "ఇంకెన్నాళ్ళన్నయ్యా ఇట్లా? నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

బావ తాడు ముడి బిగించాడు. పైన మళ్ళీ గుడ్డ అన్నారు.

చెప్పకపోవడానికి కారణం తిండి కాదు. పని మానేసినా బావమరిది అన్నం పెడతాడు. వరండాలో కుర్చీ కూడా వేస్తాడు. అతని భార్య మంచిది, విసుక్కోదు. బావ భయం వేరు. చెబితే ఈల ఇంకొకడి మెడలోకి పోతుంది. ఆ మెడ గుడ్డ కోసం ఆగే మెడ కాదు. ముఠాలో కుర్రవాళ్ళకు గుడ్డ ఒక వేళాకోళం. మేస్త్రికి అదొక ఆలస్యం. పెద్దాయన పెట్టిన పద్ధతి కదా, బావ ఉన్నన్నాళ్ళు సాగనిద్దాం అని ఊరుకున్నాడు. చెప్పకపోతే ఏదో ఒకరోజు తన ఈల కింద ఎవరో ఉంటారు. చెబితే ఇంకొకడి ఈల కింద ఎవరో ఉంటారు. రాత్రిళ్ళు పక్క మీద ఈ రెండింటినీ అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకునేవాడు. రెండు వైపులా ఒక మనిషి పడుకుని ఉండేవాడు.

పెద్దాయనంటే మామగారు. మేస్త్రి తండ్రి. వయసులో ఉండగా బావ ఆయన ముఠాలోనే పైన పనిచేసేవాడు, పడేసేవాడు. ఒకసారి పాత మిల్లు కప్పు విప్పుతున్నారు. ఒక రేకు విడిచారు. రేకు బరువైనదే, గోడ పక్కనే పడుతుందని కింద తాడు దగ్గరగా కట్టారు. అది మొదట బాగానే దిగింది. సగం దిగాక గాలి దాని కిందకి దూరింది. రేకు వాలింది, జారింది, తాడు దాటింది, రోడ్డు కూడా దాటింది. అవతల కుళాయి దగ్గర ఒకతను నీళ్ళు తాగుతున్నాడు. అతను దోసిలి పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే కూర్చుండిపోయాడు. కుళాయి పారుతూనే ఉంది. దాన్ని కట్టేయాలని ఎవరికీ చాలాసేపటి వరకు తోచలేదు.

ఆ రాత్రి మామగారు అన్నం ముట్టలేదు. పొద్దున ముఠాను కూర్చోబెట్టి చెప్పాడు. "బరువు చూడకండిరా, వెడల్పు చూడండి. బరువున్నదాన్ని భూమి లాక్కుంటుంది. వెడల్పున్నదాన్ని గాలి అడ్డుకుంటుంది. వాళ్ళిద్దరి తగువులో ఎవడు గెలుస్తాడో మీకేం తెలుసు?" ఆయన కూతురు అప్పుడు ముఠాలో ఇటుకలు మోసేది. ఆమె లేచి, తన పాత ఎర్ర దుప్పటి అంచు పరపరా చింపి గుడ్డముక్కలు చేసింది. వాటిలో ఒకటి బావ చేతిలో పెడుతూ, పడేది ఎట్లాగూ పడుతుంది, మనిషిని పక్కకు జరపడమే మన చేతిలో ఉంది అన్నది. ఆ ఏడాదే ఆమెతో అతనికి పెళ్ళయింది. ఆమె పోయి ఇప్పుడు చాలాకాలమైంది. పిల్లల్లేరు. అతని జీవితంలో చెప్పుకోదగ్గది ఏదైనా ఉందా అంటే, అతను ఈల పట్టిన రోజు నుంచీ తాడు లోపల ఎవరూ చావలేదు. అది ఎవరికీ కనబడని గొప్ప. జరగని దాన్ని ఎవరు చూస్తారు?

మధ్యాహ్నం భోజనాల దగ్గర మేస్త్రి ఫోను చెవికి ఆనించుకునే నిచ్చెన దిగి వచ్చాడు. స్థలం యజమాని సందు ఎప్పుడు తెరుస్తారని అడుగుతున్నాడట. రేపు పొద్దున్నే పెద్ద యంత్రం వస్తుందట, ఈ సాయంత్రానికి పైన ఏమీ మిగలకూడదట. ఫోను జేబులో పెట్టి బావ పక్కన కూర్చుని, అతని డబ్బాలోంచి ఒక ముద్ద తీసుకున్నాడు. చిన్నప్పటి నుంచీ అంతే. తన డబ్బా నిండుగా ఉన్నా బావ డబ్బాలోదే తినాలి.

"బావా, నువ్వు కోడిలా తల వాల్చి చూస్తుంటే నీకు గింజలు చల్లాలనిపిస్తోంది."

"చల్లు. గుడ్డు పెడతా."

మేస్త్రి నవ్వాడు. పొలమారింది. బావ అతని నడినెత్తిన చేత్తో తట్టాడు. ఎవరు తలుచుకుంటున్నారో అన్నాడు మేస్త్రి. అక్కే అయి ఉంటుంది, నా ముద్ద నువ్వు తింటుంటే చూడలేక, అన్నాడు బావ.

ఇప్పుడేం దింపుతున్నారని బావ అడిగాడు. తలుపులు. మంచివన్నీ ముందే మోసి దించి అమ్మేశారు. చెద పట్టినవీ నీళ్ళకు ఉబ్బినవీ మిగిలాయి, వాటిని కొనేవాడు లేడు. ఆఫీసు గదుల తలుపులు, నిలువెత్తువి. బావ చెయ్యి డబ్బాలో ఆగింది. తలుపంటే ఎంత వెడల్పో అతని అరచేతులకు తెలుసు.

ఎండ తెల్లగా కాస్తోంది. ఎక్కడినుంచో గాలి మొదలైంది. ఆవరణలో దుమ్ము లేచి, కూర్చుని, మళ్ళీ లేచింది. ఇస్త్రీ ఆమె హాస్టలు మూట నెత్తిన పెట్టుకుంది. సందు చివరికి వెళ్ళాక కూడా ఆమె ఒకసారి వెనక్కి తిరిగిందని బావకు అనిపించింది. మూట ఆగింది, మళ్ళీ కదిలింది.

"గుడ్డా!" అని అరిచాడు పొడుగోడు. పైన పడేసేవాడు అతనే.

బావ తల ఎత్తాడు. కుడికి వంచాడు, ఎడమకు వంచాడు. గోడ అంచు ఉంది. ఆకాశం ఉంది. పక్కచూపు కొసన పొడుగోడి మోచెయ్యి లాంటిది ఏదో ఉంది. గుడ్డ లేదు. అలవాటుగా పాక వైపు చెవి పెట్టాడు. పాకలోంచి మాట రాలేదు.

ఈల పెదవుల మధ్య ఉంది. ఊదితే అయిపోతుంది. ఇన్నాళ్ళూ ఊదలేదా? ఆవరణలో ఎవరూ లేరని చెవులు చెబుతున్నాయి. సందులో కూడా అలికిడి లేదు.

"ఏంటి బావా, కునుకు తీస్తున్నావా?" పైనుంచి నవ్వులు.

అతను ఈల నోట్లోంచి తీసేశాడు.

పైన నవ్వులు ఆగాయి. కాసేపటికి నిచ్చెన కిర్రుమంది. మేస్త్రి దుమ్ము దులుపుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ముఖం ఉండవలసిన చోట మచ్చ. దానికి రెండు పక్కలా చెవులు.

"ఏమైంది బావా?"

"నాకు గుడ్డ కనపడలేదురా."

"కనపడకపోవడమేంటి? అదిగో, నీ కాళ్ళ దగ్గరే పడిందిగా."

బావ కిందికి చూశాడు. చూసినచోట మచ్చ ఉంది.

మేస్త్రి వంగి గుడ్డ తీశాడు. తీసి, దాన్ని అతని ముఖం ముందు ఒకసారి అటూ ఇటూ ఆడించాడు. బావ దాన్ని చూడటానికి తల పక్కకు వంచాడు. ఆ వంచడంతో మేస్త్రికి అంతా అర్థమైంది. ముఖం కనపడలేదు గానీ, చెవులు ఎర్రబడటం బావ చూశాడు. మేస్త్రి పక్కనున్న డ్రమ్ము మీద కూలబడ్డాడు. అడిగాడు. ఎప్పటినుంచి అని. బావ చెప్పాడు. మేస్త్రి తలెత్తి సందు వైపు చూశాడు. ఆ సందులోంచి ఇన్నాళ్ళూ నడిచిన వాళ్ళందరినీ, బడి పిల్లలనూ, సైకిళ్ళనూ, పాలవాణ్ణీ, ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకుంటున్నట్టు చూశాడు.

కోప్పడతాడనుకున్నాడు బావ. కోప్పడలేదు. లేచి, అతని మెడలోంచి ఈల తీశాడు. తాడు చెవికి తగలకుండా, చిన్నపిల్లాడికి తీసినట్టు, మెల్లగా తీశాడు.

"రేపు నేను తీసుకెళ్తా పెద్ద డాక్టరు దగ్గరికి. ఇవాళ్టికి నువ్వు ఇంటికెళ్ళు."

"వెళ్తాలే. గుడ్డ నా కాళ్ళ దగ్గర పడిందన్నావు."

"అవును."

"నేను తాడుకు ఇవతల నిలబడ్డాను. అంటే తాడు దాటింది. డ్రమ్ములు సందు అవతలి దాకా జరపాలి. పాక ఖాళీ చేయించాలి."

"సందు మూసేస్తే యజమాని నా నోరు మూసేస్తాడు. అది గుడ్డ బావా, ఊదితే ఎగిరేది. ఇప్పుడు దించేది తలుపులు. ఇద్దరు పట్టుకుంటే గానీ లేవడం లేదు ఒక్కొక్కటి. తలుపు కాగితమా ఎగరడానికి?"

"మీ నాన్న ఏం చెప్పాడు? బరువు చూడకు..."

"కళ్ళు కనపడనివాడివి, గాలి సంగతి నువ్వు చెప్తావా నాకు?"

అన్న మరుక్షణమే మేస్త్రి చెయ్యి బావ భుజం మీద పడింది. అది క్షమాపణ అని ఇద్దరికీ తెలుసు. మాట మాత్రం వెనక్కి పోలేదు. నిన్నటి దాకా ఈ ఆవరణలో బావ ఆగమంటే అంతా ఆగేది. నిజం చెప్పిన తర్వాత అతని మాటకు గుడ్డముక్కకున్న బరువు కూడా లేదు. "వెళ్ళు బావా," అని ఇంకోసారి, మెత్తగా అన్నాడు మేస్త్రి. ఈలను చొక్కాకు తుడుచుకున్నాడు.

బావ తాడు పట్టుకుని సందు దాకా నడిచాడు. ఇంటి దారి కుడివైపు. అతను సందు దాటి పాక వైపు వెళ్ళాడు. చెల్లెమ్మకు ఒక మాట చెప్పి వెళ్ళాలనుకున్నాడు. చెప్పేశానని, నువ్వు చెప్పనక్కరలేదని. తిరిగొచ్చేటప్పుడు ఆమె వెనక సందులోంచి వస్తుంది, సరాసరి రేకు కిందకు దూరుతుంది. ఎవరో ఒకరు అక్కడ ఉండి ఆమెను ఆపాలి.

బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చిందో. విసనకర్రలా చెంగుతో విసురుకుంటోంది.

"ఇదిగో, ఈ ఇస్త్రీ ఆమె ఎక్కడికి చచ్చిందయ్యా? అప్పటినుంచి కూర్చున్నా."

ఆమె సాయంత్రం దాకా రాదని బావ అబద్ధం చెప్పాడు. హాస్టలు వాళ్ళు పని చెప్పి ఆపేశారని, ఇంటికి వెళ్ళమని, బట్టలు తనే తెచ్చి ఇస్తుందని చెప్పాడు.

"నువ్వెవరు చెప్పడానికి?"

"వాళ్ళన్నయ్యనమ్మా."

"అన్నయ్యకే ఇంత తీరికుంటే చెల్లెలికి పనేం సాగుతుంది!" అంటూ ఆమె లేచింది. సందు పొడుగునా గొణుక్కుంటూనే వెళ్ళింది. ఆ గొణుగుడు దూరమవుతుంటే బావకు హాయిగా అనిపించింది. చాలా రోజుల తర్వాత ఒక మనిషిని పక్కకు జరిపాడు, ఎవరి కళ్ళూ అరువు తెచ్చుకోకుండా.

మోకాలికి ఏదో తగిలింది. తడిమితే గొడుగు. బెంచీకి ఆనించి మరిచిపోయింది. అమ్మా గొడుగు అని పిలిచాడు గానీ ఆమె అప్పటికే మలుపు తిరిగింది. దీనికోసం మళ్ళీ వస్తుంది. కోపంతో వెళ్ళింది కాబట్టి కొంచెం ఆలస్యంగా వస్తుంది. ఆమెను కూడా ఆపాలి. అతను బెంచీ మీద కూర్చున్నాడు.

ఈల మోగింది. అతనిది కాని ఈల. కొంచెం పొట్టిగా, తొందరగా.

బావ ఊపిరి బిగబట్టాడు. పైనుంచి గాలి చీలుతున్న చప్పుడు, కత్తిని ఒరలోంచి లాగినట్టు. వెంటనే దభీమని నేల అదిరింది. గోడ పక్కనే. తలుపు అంచు మీద దిగింది, నిటారుగా. మేస్త్రి చూశావా అన్నట్టు ఏదో అరిచాడు. పైన నవ్వారు.

రెండో ఈల. రెండో తలుపు. అది కూడా అక్కడే.

బావ బిగబట్టిన ఊపిరి వదిలాడు. వాడన్నదే నిజమేమో. మామగారు రేకును చూసి చెప్పాడు గానీ తలుపును చూసి కాదు కదా. ఎంత వయసొచ్చినా మనిషి తాను చూసిన ఒక్క చావు చుట్టూనే తిరుగుతాడేమో. పాకలో ఆరిపోతున్న బొగ్గుల వాసన, నీళ్ళు చిలకరించిన బట్టల వాసన. రేపటినుంచి వరండాలో కుర్చీ. పొద్దున్నే ఎండ ఎటునుంచి వస్తుందో ఆ వైపు వేయించుకోవచ్చు. మేస్త్రి చిన్న కూతురు పాఠాలు చదువుతుంటే వినొచ్చు. మెడ మీద ఈల తాడు ఒరుసుకున్న చోట వేలు పెట్టి చూసుకున్నాడు. చర్మం నున్నగా, చల్లగా ఉంది. మొదటిసారి అక్కడ గాలి తగిలింది.

గాలి తగిలింది. భవనం వైపు నుంచి, ముఖం మీదికి, ఆగకుండా. బల్ల మీద ఇస్త్రీ చేసిపెట్టిన చొక్కాల చేతులు ఒక్కసారిగా లేచాయి.

మూడో ఈల మోగింది.

బావ చప్పుడు కోసం చెవి పెట్టాడు. చప్పుడు రాలేదు.

ఆవరణలో ఎవరో బావా అని అరిచారు. అది మేస్త్రి గొంతే గానీ చిన్నప్పటి గొంతు. అతను తల ఎత్తాడు. ఈసారి పక్కకు వంచలేదు. సూటిగా చూశాడు. ఎప్పటిలాగే ఎదురుగా మచ్చ ఉంది. కానీ అది అటూ ఇటూ మెల్లగా ఊగుతోంది, ఆకులా. ఇన్నాళ్ళలో ఆ మచ్చ ఎప్పుడూ ఊగలేదు.

ఇస్త్రీ ఆమె వెనక సందులోంచి ఖాళీ మూటగుడ్డ మడుచుకుంటూ వచ్చేసరికి ముఠా అంతా కిందికి దిగి ఉంది. రేకు ఒక పక్కకు వంగిపోయింది. దాని మీద ఒక తలుపు, ఎవరో జాగ్రత్తగా తెచ్చి పడుకోబెట్టినట్టు ఉంది. పొడుగోడు దాని ఒక కొస పట్టుకుని, రెండో కొస పట్టేవాడి కోసం చూస్తున్నాడు. మేస్త్రి నేల మీద కూర్చుని, వినపడుతుందో లేదో అన్నంత చిన్నగా, బావను అసలు పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఆ పేరు ఆమె అప్పుడే మొదటిసారి విన్నది. ఆమె దగ్గరికి వెళ్ళి, మూటగుడ్డ పూర్తిగా విప్పి, అతని మీద కప్పింది. గాలికి లేవకుండా నాలుగు కొసల మీదా ఇటుకముక్కలు పెట్టింది.

ఆ తర్వాత బెంచీని పక్కకు లాగారు, తలుపును పక్కకు తీశారు, తాడును సందు అవతలి దాకా జరిపి కట్టారు. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి వెళ్ళిపోయారు. గొడుగు కోసం ఎవరూ రాలేదు. ఆ అదురుకు బొత్తాం ఊడి అది తనంతట తానే తెరుచుకుంది. సందు మధ్యలో నల్లగా, గుండ్రంగా, పక్కకు ఒరిగి, గాలి నిండినప్పుడల్లా నేల విడిచి కాస్త లేస్తోంది. మళ్ళీ మెల్లగా వాలుతోంది.